రూతమ్మ అడుగుల్లో పలాస స్టేషను

పలాస వెళ్ళొచ్చానని చెబితే మా రాజమండ్రిలో ఎవరైనా ముందు అడిగేది "జీడిపప్పు తెచ్చావా?" అని. తెచ్చాను. రెండు కిలోలు తెస్తే పది రోజులు కూడా ఆగలేదు. కానీ నేను వెళ్ళింది పప్పు కోసం కాదు, స్టేషను కోసం. అలా అంటే మాత్రం ఎవరూ నమ్మడం లేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

నాది నమూనాలు చేసే పని. అపార్టుమెంటు లేవకముందే అది ఎలా ఉండబోతుందో కొనేవాళ్ళకి చూపించాలి కదా, ఆ బొమ్మ ఇళ్ళు నేను చేస్తాను. చెక్క, అట్ట, పలచటి ప్లాస్టిక్ రేకు, జిగురు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే బతుకు. తీరిక దొరికితే రైల్వే స్టేషన్లు చేస్తాను. ఇల్లు ఒక కుటుంబం కోసం కడతారు, గుడి ఒక దేవుడి కోసం కడతారు. స్టేషను మాత్రం ఎవరొస్తారో తెలియకుండానే అందరి కోసం కడతారు. నాకు అందులో ఏదో గొప్పదనం కనిపిస్తుంది.

ఒకసారి రేడియోలో నా చేత ఈ స్టేషన్ల గురించి మాట్లాడించారు. నాలుగు రోజుల తర్వాత ఫోను వచ్చింది.

"నమూనాలు సేసే మేస్త్రిగారేనాండి? నాను పలాస నుంచండి, రూతమ్మని. మా టేసను సేసి పెడతారేటండి?"

"ఎగ్జిబిషనుకా అమ్మా?"

"కాదండి. నాకు కళ్ళు కనపడవు. సూడ్డానికి కాదు, తడుముకోడానికి."

విషయం ఇది. రూతమ్మకి యాభై ఏళ్ళు దాటాయి. ఇరవై ఏళ్ళు జీడి ఫ్యాక్టరీలో పప్పు ఏరింది. నీటికాసులు, అదే గ్లకోమా, వచ్చి చూపు పోయింది. భర్త లేడు. పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో మరిది యోహాను ఇంట్లో ఉంటుంది. ఆమె చెల్లెలు మార్తమ్మది పూండి దగ్గర పల్లె. ఉద్దానం అనే ఆ జీడితోటల ప్రాంతంలో చాలామందికి వచ్చినట్టే మార్తమ్మకీ కిడ్నీలు పాడై, వారానికి మూడుసార్లు డయాలసిస్ పడింది, నీళ్ళు కూడా కొలిచే తాగాలి. ప్రతి శుక్రవారం రూతమ్మ పాసింజరు బండిలో ఒక్కతే పూండి వెళ్ళి, రెండు రోజులు చెల్లెలికి వండిపెట్టి, బట్టలుతికి వచ్చేది. అలా ఆరేళ్ళు. స్టేషనులో కొత్త కట్టడం మొదలై, ఆమెకి తెలిసిన దారి మూసి ఇంకో వైపు తెరిచారు. ఆ తర్వాత వెళ్ళిన మొదటిసారే దారి తప్పి ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచింది. పట్టాలు చూసుకునే ట్రాక్‌మన్ ఒకతను చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చాడు. ఆ రోజు నుంచి మరిది వద్దన్నాడు. మూడు నెలలైంది.

సరేనన్నాను. వాళ్ళింట్లోవాళ్ళు ఫోనులో తీసి పంపిన ఫొటోలు పెట్టుకుని రెండు వారాలు కూర్చుని చక్కటి నమూనా చేశాను. శివరాత్రి వెళ్ళిన పది రోజులకి దాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని బండెక్కాను.

పలాస: కప్పు కింద ఏమీ లేదు

విశాఖ దాటాక ఎడమ కిటికీలో కొండలు, కుడి కిటికీలో తోటలు. మా గోదావరి పచ్చదనం వేరు, ఇది వేరు. మాది కాలవ పారే పచ్చదనం. ఇక్కడ ఇసుకలోంచి చెట్టు తన బలంతో తాను లేచినట్టు ఉంటుంది. పలాసలో బండి తీరిగ్గా ఆగుతుంది, ఎందుకంటే డ్రైవర్లు, గార్డులు ఇక్కడ మారతారు. దిగిన జనంలో సగం మంది టీ కోసం, సగం మంది పప్పు పొట్లాల కోసం.

ఈ లైను పడి నూట పాతికేళ్ళు దాటింది. మద్రాసునీ కలకత్తానీ కలపడానికి సముద్రం వెంబడే పట్టాలు వేసుకుంటూ వచ్చారు. రైలు ఆగే చోటు చుట్టూ అంగళ్ళు, అంగళ్ళ వెనక గోదాములు, గోదాముల వెనక జీడి ఫ్యాక్టరీలు. ఊరు స్టేషనును కట్టుకోలేదు, స్టేషనే ఊరిని కట్టుకుంది. స్టేషను బయటికి రాగానే గాలిలో కమ్మగా, కొంచెం ఘాటుగా ఒక వాసన తగులుతుంది. జీడి కాల్చే వాసన అది.

యోహాను ఆటో తోలతాడు. పెట్టె చూసి జాగ్రత్తగా వెనక సీట్లో పెట్టించాడు. దారిలో ఒక్కటే మాట అన్నాడు. "మీరు సేసింది మంచి పనేనండి. గాని నాకు బయమేస్తాది. వదినకి ఏటైనా అయితే ఊరంతా నన్నే అంటాది." అందులో తప్పేమీ కనిపించలేదు నాకు.

రూతమ్మ పొట్టిగా, గట్టిగా ఉంది. చేతులు కడుక్కుని చాప మీద కూర్చుంది. నమూనా ముందు పెట్టాను. యోహాను భార్య, పక్కింటివాళ్ళు చుట్టూ చేరి "అచ్చం మన టేసనే!" అన్నారు. నాకు సంతోషం వేసింది. రూతమ్మ వేళ్ళు నెమ్మదిగా నడిచాయి.

"ఇది కప్పు. ఇయ్యి కిటికీలు. ఎన్ని కిటికీలు పెట్టినారో! ఇదేటి?"

"పేరు బోర్డు. మూడు భాషల్లోనూ రాశాను."

"బాగున్నాదండి." బోర్డు మీంచి వేళ్ళు తీసి అడిగింది. "మరి నాను ఎక్కడ నిల్సోవాల?"

నాకు అర్థం కాలేదు.

"మేస్త్రిగారూ, ఈ కప్పు ఊడొస్తాదా?"

"లేదమ్మా, అంటించేశాను."

"కోసీండి మరి. నా దారి దీని కింద ఉన్నాది."

కత్తి తీసుకుని చుట్టూ కోసి కప్పు లేపాను. ఆమె వేళ్ళు కిందికి దిగాయి. కింద నున్నటి చెక్క. అంతే. ఎక్కడ లోపలికి రావాలో లేదు, బ్రిడ్జి మెట్లు ఏ వైపు తిరిగాయో లేదు, పట్టాలున్నాయో లేదో కూడా తెలియదు. పైనుంచి చూసేవాడి కోసం చేశాను నేను. ఆమె చెక్క మీద అరచెయ్యి అలాగే ఉంచి, "పొరపాటు నాదేనండి, ఫోనులో సరిగ్గా సెప్పినాను కాదు" అంది. తప్పు ఆమెది కాదని అక్కడున్న అందరికీ తెలుసు.

మర్నాటి ఉదయం నాకు తిరుగు టిక్కెట్టు ఉంది. రద్దు చేసుకున్నాను.

కాశీబుగ్గ: ఆమె పాదం చెప్పిన సంగతులు

రాత్రి వాళ్ళింట్లోనే భోజనం. పచ్చి జీడిపప్పు, ములక్కాడ వేసి వండిన కూర. మా వైపు జీడిపప్పు అంటే పాయసంలో పైన నాలుగు పలుకులు. ఇక్కడ గరిటెతో వడ్డిస్తారు. ఎండిన పప్పులా కాదు, లేత కొబ్బరిలా మెత్తగా ఉంటుంది. నేను రెండోసారి అడిగితే యోహాను భార్య, "మీ గోదారోల్లు మొగమాటం పడరండీ" అని నవ్వింది.

మర్నాడు పొద్దున్నే ప్లాట్‌ఫారం టిక్కెట్లు తీసుకుని నేనూ రూతమ్మా స్టేషనులోకి వెళ్ళాం. ఆఫీసులో అడిగితే నడవడానికీ అంకెలు రాసుకోడానికీ ఎవరి అనుమతీ అక్కర్లేదన్నారు. ఆమె ఎడమ చెయ్యి నా మోచేతి మీద, కుడి చేతిలో కర్ర. నా జేబులో టేపు.

టేపు లాగిన చప్పుడుకి, "టేపు ఎందుకండీ?" అంది.

"మీటర్లు కావాలి కదమ్మా."

"నాను మీటర్లలో నడవను గదండీ."

టేపు సంచిలో వేసి ఆమె అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. కొత్త గేటు నుంచి మొదటి ప్లాట్‌ఫారం దాకా ముప్ఫై ఎనిమిది. అక్కడి నుంచి ఎడమకి తిరిగి టీ కొట్టు దాకా ఇరవై ఆరు. ఆ పైన బ్రిడ్జి మొదటి మెట్టు దాకా యాభై రెండు.

స్టేషన్ల గురించి నాకు తెలుసనుకున్నాను. ఆ పూట తెలిసినవి చాలా ఉన్నాయి. వానకి నీళ్ళు పట్టాల వైపు పోకుండా ప్లాట్‌ఫారాన్ని లోపలి వైపుకి కాస్త వాలుగా కడతారని పుస్తకాల్లో చదివాను. ఆ వాలు రూతమ్మ పాదానికి తెలుసు. "పాదం ఎటు వాల్తే అటు గోడ. ఎటు ఎత్తుగుంటే అటు పట్టాలు" అని చెప్పింది. అంచు దగ్గర బుడిపెల పలకలు ఎలాగూ ఉంటాయి, కానీ అంతదాకా పోకముందే పాదం చెబుతుందట. బ్రిడ్జి కిందికి రాగానే మాట మోగుతుంది. షెడ్డు అయిపోయిన చోట చెవి మీద గాలి తగులుతుంది. నీళ్ళ కుళాయిల దగ్గర నేల ఎప్పుడూ చల్లగా ఉంటుంది. ఇవన్నీ ఆమెకి గుర్తులే. కొత్త కట్టడంతో ఈ గుర్తులు పోలేదు, చోట్లు మారాయి. అంతే. కానీ ఆ అంతే ఆమెని మూడు నెలలు ఇంట్లో కూర్చోబెట్టింది.

టీ కొట్టాయన ఆమెని చూసి గ్లాసు కింద పెట్టేశాడు. "ఇన్నాల్లూ ఏమైపోనావు పిన్నీ? బాగున్నావా?" డబ్బులు తీసుకోలేదు. నా టీకి మాత్రం పది రూపాయలు తీసుకున్నాడు.

నౌపడ: చెవికి కట్టిన స్టేషను

పాతకాలం స్టేషను ఒకటి చూస్తే కొత్తదానిలో ఏం వెతకాలో తెలుస్తుందని మర్నాడు నౌపడ వెళ్ళాను. పూండి దాటాక జంక్షను. చుట్టుపక్కల ఉప్పు మళ్ళు. మిట్టమధ్యాహ్నం ఆ తెలుపు కళ్ళు నిలవనివ్వదు. తలకి గుడ్డ చుట్టుకున్న ఆడవాళ్ళు పొడుగాటి కర్రతో ఉప్పు లాగి కుప్పలు పోస్తున్నారు. ఒకప్పుడు ఈ ఉప్పు వ్యాగన్లకెత్తి ఎక్కడెక్కడికో పంపేవారు.

నౌపడని జంక్షను చేసింది చిన్న లైను. పర్లాకిమిడి రాజావారు వేయించిన సన్న పట్టాలు ఇక్కడి నుంచి టెక్కలి మీదుగా కొండల వైపు పోయేవి. ఇప్పుడు అదీ పెద్ద లైనే అయింది. చిన్న లైనులో గార్డుగా చేసిన అప్పన్న అనే పెద్దాయన బెంచీ మీద కనిపించారు. రోజూ సాయంత్రం వచ్చి కూర్చుంటారట. నా పని సంగతి చెప్పాను.

"కళ్ళు నేనోల్లకి టేసను కొత్తగా కట్టాలేటి బాబూ?" అన్నారు. లేనివాళ్ళని ఇటు నేనోళ్ళంటారు. "అప్పుడు టేసనంటేనే సెవికి. రైలు పట్టా ముక్క యేలాడదీసి గంట కొట్టీవోరు. ఇన్ని దెబ్బలంటే ఇటు బండి, అన్ని దెబ్బలంటే అటు బండి. ఉప్పు మడిలో పన్జేసేది అక్కడినుండే ఇని బేగి బేగి వచ్చీసీది. బోర్డు సదవడం ఎవులికొచ్చు?"

"ప్లాట్‌ఫారం?"

"నేలకి జానెడెత్తు. ఆ సిన్నబండి మనిసి కోసం ఆగీది. ముసిల్ది పరిగెడతంటే ఇంజినోడు సూసీవోడు." పట్టాల వైపు చెయ్యి చూపించి, "ఇప్పుడు బండ్లు బేగెల్తన్నాయి. మంచిదే. టెక్కలి ఆస్పత్రికి బేగెల్లిపోవచ్చు" అన్నారు. పాతదే గొప్పని ఆయన అనలేదు. నాకది నచ్చింది.

ఆ గంట మాట పట్టుకుని తిరిగాను. నమూనాలో చూసేవి కాకుండా వినేవి కూడా పెట్టాలి. మైకు ఉన్న స్తంభానికి చిన్న ఇత్తడి రేకు, బ్రిడ్జి కిందికి డొల్ల పెట్టె. గోరుతో కొడితే బోలుగా మోగాలి. నోటు పుస్తకంలో రాసుకున్నాను.

భావనపాడు: వేళ్ళ లెక్క

టెక్కలిలో బస్సు దిగి, ఆటోలో భావనపాడు వెళ్ళాను. పట్టాలకీ, మెట్ల పక్క కమ్మీలకీ తాడు కావాలి. వలతాడు గట్టిది, తడిసినా ఉబ్బదు, వేలికి స్పష్టంగా తగులుతుంది. ఊళ్ళోకి వెళ్ళేసరికి ఇసుక మీద నెత్తళ్ళు ఆరబోసి ఉన్నాయి. ఎండుచేపలు మా వైపూ ఉంటాయి గానీ ఇంత మేర వెండిరంగు పరిచినట్టు ఎప్పుడూ చూడలేదు. ఒక ఆవిడ దగ్గర వంద రూపాయలవి కొన్నాను. తిరుగు ప్రయాణంలో బస్సులో నా పక్క సీటు చివరిదాకా ఖాళీగానే ఉంది.

పడవ నీడలో ఒకాయన వల బాగుచేస్తున్నాడు. వేళ్ళు కన్నాల్లో పెట్టి చూసుకుంటూ ముడులు వేస్తున్నాడు. కొలబద్ద లేదు.

"కన్నం ఎంతో ఎలా తెలుస్తుంది?" అని అడిగాను.

చెయ్యెత్తి వేళ్ళు చూపించాడు. "ఏల్లు నేవేటి? ఇది రెండేల్ల వల. అది మూడేల్లది. ఏ సేపకి ఆ ఏల్లు."

నాకు అక్కడే తెగింది. రూతమ్మ నమూనాకి కొలత మీటర్లలో ఉండకూడదు. ఆమె వేలి వెడల్పు ఒకటికి ఆమె అడుగులు పది. వేలు ఆనించుకుంటూ పోతే ఎన్ని అడుగులో తెలిసిపోతుంది. ప్లాట్‌ఫారం మొత్తం చేస్తే మంచమంత అవుతుంది గానీ గేటు నుంచి బ్రిడ్జి దాటి రెండో ప్లాట్‌ఫారం దాకా ఒక పీట మీద సరిపోతుంది.

తాడు దేనికో చెబితే ఆయన రెండు రకాలు, లావుది ఒకటి సన్నది ఒకటి, మూర మూర కోసిచ్చాడు. డబ్బు ఇవ్వబోతే, "రైలు పట్టాలకి మా తాడా!" అని నవ్వి తల అడ్డంగా ఊపాడు.

మళ్ళీ కాశీబుగ్గ: ఒక మెట్టు

యోహాను ఇంటి వరండాలో పని మొదలుపెట్టాను. పనిముట్లు దగ్గర్లో ఒక వడ్రంగి ఇచ్చాడు. ప్లాట్‌ఫారం అంచు ప్రమాదం కాబట్టి అక్కడ గరుకుగా ఏదైనా అంటించాలి. ఫ్యాక్టరీ వెనక జీడితొక్కల కుప్ప కనిపించింది. ఊరి సరుకుతో ఊరి స్టేషను, బాగుంటుందని రెండు గుప్పిళ్ళు తెచ్చి ముక్కలు చేశాను. మధ్యాహ్నానికి వేళ్ళు నల్లబడ్డాయి. సాయంత్రానికి మంటలు, బొబ్బలు.

రూతమ్మ నా దగ్గరికి రాగానే వాసన పట్టేసింది. "జీడితొక్క ముట్టినారేటి? నూనె రాసుకోకుండా ఎవులైనా ముడతారేటండి! అందులో రసం తోలు కాల్సేస్తాది. అది అంచుకి అంటిత్తే నా ఏల్లు ఏటైపోవాల?"

కొబ్బరినూనె తెచ్చి రాసింది. ఇరవై ఏళ్ళు ఆ కాయల మధ్య పనిచేసిన చేతులు ఆమెవి. తొక్క ముక్కలన్నీ పారేసి గరుకు కాగితం అంటించాను. మూడు వేళ్ళకి గుడ్డ చుట్టుకుని మిగతా పని చేశాను కాబట్టి ఇంకో రోజు పట్టింది.

నమూనా ఈసారి చూడ్డానికి ఏమీ బాగాలేదు. పీట మీద తాళ్ళు, రేకులు, గాట్లు. పక్కింటివాళ్ళు ఒకసారి తొంగిచూసి వెళ్ళిపోయారు. రూతమ్మ మాత్రం గంటసేపు వదల్లేదు. గేటు, ఎడమ మలుపు, టీ కొట్టు, బ్రిడ్జి. ఒక్కో మెట్టుకీ ఒక్కో గాటు పెట్టాను. ఇరవై ఒక్క గాట్లు, మధ్యలో చదును, మళ్ళీ ఇరవై ఒక్కటి. డొల్ల పెట్టె మీద గోరుతో కొట్టి విని నవ్వింది. "ఇది మా టేసను" అంది.

మర్నాడు పదింటికి ఆమె కర్రతో ఒంటరిగా గేటు దాటింది. నేను ఇరవై గజాల వెనక. మాట్లాడకూడదని ఒప్పందం. యోహాను నా పక్కనే. ముప్ఫై ఎనిమిది అడుగులు, ఎడమకి. టీ కొట్టాయనకి చెయ్యి ఊపింది. బ్రిడ్జి మొదటి మెట్టు తప్పు లేకుండా దొరికింది. చదును మీద ఆగి ఊపిరి తీసుకుంది. మళ్ళీ ఎక్కింది. ఇరవై ఒకటో మెట్టు మీద నుంచి, పైకి వచ్చేశాననుకుని, నిబ్బరంగా ముందుకి అడుగు వేసింది.

ఇంకో మెట్టు ఉంది.

కాలు తగిలి రెండు చేతులూ నేలకి ఆనేలా ముందుకి పడింది. కర్ర జారి మెట్ల మీదుగా కిందికి దొర్లింది. నేను "అమ్మా!" అని కేకేశాను. ఆ కేకకి అందరూ పరుగెత్తారు. నలుగురు నాలుగు వైపుల నుంచి ఆమె చేతులు పట్టుకున్నారు. "పాపం, కళ్ళు లేని మనిషిని ఒంటరిగా వదిలేశారు" అన్నారెవరో. యోహాను కర్ర తీసుకొచ్చి ఆమెని ఆటోలోకి ఎక్కించాడు.

తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలుసు. ఆ రోజు కింది వరస మెట్లు లెక్కపెట్టాను. పై వరస లెక్కపెట్టలేదు, అది కూడా అంతే ఉంటుందనుకున్నాను. బొమ్మ ఇళ్ళు చేసేవాడి అలవాటు అది. ఒక పక్క కొలిస్తే రెండో పక్క అంతే అనుకుంటాం.

ఇంటికి రాగానే యోహాను అన్నాడు. "ఇంక వద్దు వదినా. దండం పెడతాను."

రూతమ్మ మోకాలికి పసుపు రాయించుకుంటోంది. ఆమె కోపం నా మీద. కానీ పడ్డందుకు కాదు.

"మీరెందుకు అరిసినారండీ?"

"పడ్డారు కదమ్మా..."

"పడ్డాను. లెగిసీదాన్ని. మీరు అరిస్తే జనం మీద పడిపోనారు. నలుగురు లాగితే నాకు ఏ దిక్కు ఎటో తెల్దు. కర్ర ఎక్కడో తెల్దు. పడ్డం కన్నా అది బయం."

 రాత్రి బండికి వెళ్ళిపోదామనుకుని సంచి సర్దడం మొదలుపెట్టాను. వరండాలోకి వచ్చేసరికి ఆమె నమూనా ఒళ్ళో పెట్టుకుని, పప్పు పొర గీరే చిన్న చాకుతో పై వరసలో గాటు పెడుతోంది. చెక్క గట్టిది. చాలాసేపు పట్టింది. పూర్తయ్యాక వేలితో తడిమి, మొదటి నుంచి మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై రెండు.

యోహాను గుమ్మంలో నిలబడి అదంతా చూశాడు. "రేపు శుక్రోరం" అంది రూతమ్మ తల ఎత్తకుండానే.

అతను వచ్చి ఆ కొత్త గాటుని వేలితో తడిమి చూశాడు. ఆఖరికి, "ఆటోలో గేటు దాకా దింపుతాను. లోనకి రాను. వస్తే ఊరుకోలేను" అన్నాడు.

పూండి

నేను పొద్దుటి బండికి రాజమండ్రి వెళ్ళిపోతున్నానని ఆమెకి చెప్పాను. అబద్ధం. పాసింజరు టిక్కెట్టు కొని, రెండో ప్లాట్‌ఫారం మీద చివరి పెట్టె ఆగే చోట, ఒక బియ్యం బస్తాల వరస వెనక నిలబడ్డాను.

రూతమ్మ వచ్చింది. ముదురు నీలం చీర, భుజాన సంచి, సంచిలోంచి సొరకాయ తొడిమె బయటికి కనిపిస్తోంది. మెట్లు ఎక్కింది. చదును మీద ఆగలేదు. పై వరసలో చివరి రెండు మెట్లకీ కాలు నెమ్మది చేసింది. కర్ర కొసతో ముందు తట్టి చూసి, పైకి వెళ్ళిపోయింది. ఇవతలి వైపు దిగింది. రెండో ప్లాట్‌ఫారం మీద కట్టడం సామాను కొంచెం అటు ఇటు జరిగి ఉంది. నమూనాలో అది లేదు.  కర్ర తగలగానే ఆమె ఆగి, చెయ్యి చాచి తడిమి, "ఎవులైనా ఉన్నారాండీ? పాసింజరు ఆడోల్ల పెట్టి ఎక్కడాగుతాది?" అని గట్టిగా అడిగింది. పూలబుట్ట పెట్టుకుని కూర్చున్న ఒక ఆడమనిషి, "ఇలగే నాలుగడుగులెయ్యమ్మా, నానూ ఎక్కుతాను" అంది. రూతమ్మ చెయ్యి పట్టుకోలేదు. మాట సాయం మాత్రమే చేసింది. నేను బస్తాల వెనక్కి జరిగాను.

బండి వచ్చింది. ఇద్దరూ ఎక్కారు. నేనూ ఎక్కాను.

పలాస నుంచి పూండికి మధ్యలో ఇంకేమీ లేదు. జీడితోటలు, చెట్ల కింద రాలిన పసుపు, ఎరుపు పళ్ళు, ఇసుకదారి మీద ఒకటో రెండో ఆటోలు. నేను కిటికీ దగ్గర కూర్చుని తర్వాత ఏం చెయ్యాలో ఆలోచించాను. దిగితే ఆమెకి తెలిసిపోతుంది. దిగకపోతే పూండిలో ఆమె ఎలా వెళ్తుందో తెలియదు. దిగకూడదని నిర్ణయించుకునేసరికి బండి ఆగింది.

పూండి చిన్న స్టేషను. ప్లాట్‌ఫారం మీద మార్తమ్మ బెంచీకి జారబడి కూర్చుని ఉంది. అప్ప, అంటే అక్క, వస్తోందని ఫోనులో విని వచ్చింది. అక్క కంటే పదేళ్ళు చిన్నది, కానీ పదేళ్ళు పెద్దదానిలా ఉంది. ముఖం ఉబ్బి ఉంది, చేతికి గుడ్డ కట్టి ఉంది. రూతమ్మ మెట్టు దిగి, కర్ర నేలకి ఆనించి, చెవి అటు తిప్పి నిలబడింది.

"అప్పా!" అని పిలిచింది మార్తమ్మ. "ఎవులితో వచ్చినావే? యోహాను ఏడీ?"

"ఎవులూ నేరు. నానే వచ్చినాను."

మార్తమ్మ చుట్టూ చూసింది. నా కిటికీ వైపు కూడా చూసింది, కానీ నేనెవరో ఆమెకి తెలియదు. తర్వాత ఏడుపు మొదలుపెట్టింది. రూతమ్మ ఆ గొంతు వైపు నడిచి వెళ్ళి, భుజం దొరికించుకుని, "ఏడిస్తే ఆయాసం వస్తాది. నీల్లెన్ని తాగినావు ఇవ్వాల?" అని అడిగింది.

"ఒక గలాసుడు."

"సరే. లెగు."

మార్తమ్మకి చూపుంది కానీ ఓపిక లేదు. రూతమ్మకి ఓపిక ఉంది, చూపు లేదు. చెల్లెలు అక్క భుజం మీద బరువంతా మోపింది. "ముందు రాయున్నాది అప్పా, ఎడమకి రా" అని చెల్లెలు చెబుతుంటే, అక్క ఆమెని మోసుకుంటున్నట్టుగానే నడిపించుకుంటూ గేటు వైపు సాగింది. నా బండి కదిలింది.